యాభై దాటినవాళ్లకు కేదార్, బదరీ యాత్ర: ఎన్ని రోజులు, ఏ దారి, ఏం సర్దుకోవాలి?

మంజీరా
నమస్కారమండీ. సెప్టెంబరు ఆఖరున నలుగురం కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్దామనుకుంటున్నాం. రెండు జంటలు. వయసులు 63, 58, ఇంకో జంట 57, 52. 63 ఏళ్లాయనకు బీపీ ఉంది. 58 ఏళ్లావిడకు మోకాళ్ల నొప్పులు. 57 ఏళ్లాయనకు షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. ఇక్కడి టూర్ వాళ్లు వంటమనిషితో సహా 12 రోజుల్లో నాలుగు ధామాలూ చూపిస్తామంటున్నారు. విడిగా వెళ్తే రెండు ధామాలకు 8 రోజులని లెక్క వేసుకున్నాం. ఏది నయం? 8 రోజులు సరిపోతాయా?

కొండదారి
సరిపోవు. కిలోమీటర్లు చూసి లెక్క వేసి ఉంటారు. ఆ కొండల్లో దూరాన్ని గంటల్లోనే చూడాలి. రిషికేశ్ నుంచి గుప్తకాశి దాదాపు 180 కిలోమీటర్లు, కానీ ఏడెనిమిది గంటల ప్రయాణం. రిషికేశ్ నుంచి బదరీ దాదాపు 295. ఒక్కరోజులో లాగించేస్తామనే డ్రైవర్లు దొరుకుతారు, ఒప్పుకోకండి. పది పన్నెండు గంటలు మలుపుల్లో కూర్చున్న మనిషిని సాయంత్రానికి మూడు వేల మీటర్ల ఎత్తున దింపితే ఆ రాత్రి తిండీ ఉండదు, నిద్రా ఉండదు.

ఇప్పుడు ఎత్తులు చూడండి. గుప్తకాశి 1,300 మీటర్ల పైచిలుకు. గౌరీకుండ్ 2,000కు కాస్త తక్కువ. కేదార్‌నాథ్ 3,583. అంటే గౌరీకుండ్‌లో పొద్దున బయల్దేరినవాళ్లు సాయంత్రానికి 1,600 మీటర్లు పైకెక్కి అక్కడే పడుకుంటారు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యులు చెబుతారు. ఈ దారిలో ఆ నియమం పూర్తిగా పాటించడం కుదరదు. కుదరనప్పుడు చేయగలిగింది, కింద రెండు మూడు రాత్రులు నిదానంగా గడిపి శరీరానికి కొంత అలవాటు చేయడం. ఉత్తరాఖండ్ ప్రభుత్వం కూడా యాత్రకు కనీసం 7 రోజులు పెట్టుకోమనీ, 55 దాటినవాళ్లూ, గుండె జబ్బు, ఆస్తమా, బీపీ, షుగరు ఉన్నవాళ్లూ ముందే వైద్య పరీక్ష చేయించుకోమనీ సూచించింది. ఆ 7 రోజుల్లో మన ఊరి నుంచి రానుపోను ప్రయాణం కలపకండి.

మీ నలుగురికీ రిషికేశ్ నుంచి లెక్క వేస్తే 11 రోజులు, రెండే ధామాలు. ఇంతకంటే కుదించొద్దు.

గోదావరి గట్టు
టూర్ సంగతి నేను చెబుతాను. మన తెలుగు టూర్లలో మంచి ఉంది, కాదనను. పొయ్యి, సామాను బస్సులోనే వేసుకొస్తారు. అన్నం, పప్పు, చారు, పెరుగు దొరుకుతాయి. రోజుల తరబడి రొట్టె, ఆలుగడ్డ కూర తింటే కడుపు పాడయ్యేవాళ్లకు అది పెద్ద వరం. భాష ఇబ్బంది లేదు.

చిక్కంతా వేగంతోనే. 12 రోజుల్లో నాలుగు ధామాలంటే యమునోత్రి, గంగోత్రి, కేదార్, బదరీ నాలుగూ మూడు వేల మీటర్లకు అటూ ఇటూ లేదా పైనే. ఒకటి దిగీ దిగకముందే ఇంకోటి ఎక్కాలి. తెల్లవారుజామున మూడింటికి లేపుతారు. ముప్ఫై ఐదు మందిలో ఒకరికి జ్వరమొస్తే బస్సు ఆగదు. యమునోత్రికి జానకీచట్టి నుంచి ఐదారు కిలోమీటర్ల నిటారు నడక, ఆ అలసట తీరకుండానే కేదార్ వస్తుంది.

టూర్‌తోనే వెళ్లేట్టయితే డబ్బు కట్టకముందు నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు తీసుకోండి. విశ్రాంతి రోజులు ఏ తేదీల్లో ఉన్నాయి? గదికి ఎంతమంది, కింది అంతస్తా, కమోడ్ ఉందా? దారి మూసుకుపోయి రోజులు పెరిగితే ఖర్చు ఎవరిది? ఒకరు మధ్యలో కిందికి దిగాల్సి వస్తే వాళ్లతో ఎవరు వెళ్తారు? చివరిదానికి చాలామంది దగ్గర జవాబుండదు.

మంజీరా
11 రోజులంటే ఎలా పంచుకోవాలో చెప్పగలరా? ఇంకో మాట, విమానం టికెట్లు నలుగురికీ బరువవుతున్నాయి. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం అనుకుంటున్నాం.

కొండదారి
రిషికేశ్‌లో ఉన్న రోజును మొదటి రోజనుకోండి.

మొదటి రోజు రిషికేశ్‌లో విశ్రాంతి. అక్కడ తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రాశ్రమం ఉంది, వేంకటేశ్వరస్వామి గుడి కూడా. గది కావాలంటే ముందే అడిగి పెట్టుకోండి. రెండో రోజు ఉదయం ఆరింటికల్లా బయల్దేరి గుప్తకాశి గానీ ఊఖీమఠ్ గానీ. మూడో రోజు ఎక్కువ దూరం కదలొద్దు. ఊఖీమఠ్‌లో ఓంకారేశ్వర ఆలయం చూడండి, చలికాలం కేదారనాథుడి ఉత్సవమూర్తికి పూజలు అక్కడే. మధ్యాహ్నం త్రియుగీనారాయణ్ వెళ్లి, రాత్రికి సోన్‌ప్రయాగ్ దగ్గర పడక. నాలుగో రోజు సోన్‌ప్రయాగ్‌లో మీ బండి ఆపేసి, అక్కడి షేర్ జీపులో ఐదు కిలోమీటర్లు గౌరీకుండ్, అక్కణ్నుంచి పైకి. ఐదో రోజు దర్శనం చేసుకుని దిగడం, గుప్తకాశిలో నిద్ర.

ఆరో రోజు ఖాళీ. దీన్ని మాత్రం ఎవరెన్ని చెప్పినా నింపకండి. వాన పడి పైకి వదలకపోతే నాలుగో రోజు పని ఐదుకు జరుగుతుంది, ఈ ఖాళీ అందుకే. ఏ ఆటంకం లేకపోతే మోకాళ్లకు విశ్రాంతి.

ఏడో రోజు చోప్తా మీదుగా చమోలీ, పీపల్‌కోటి లేదా జోషీమఠ్. ఎనిమిదో రోజు పొద్దున్నే బదరీ, రాత్రి అక్కడే. తొమ్మిదో రోజు పనులు ముగించుకుని మధ్యాహ్నానికి దిగి రుద్రప్రయాగ్ వైపు వచ్చినంత దూరం. పదో రోజు రిషికేశ్. పదకొండో రోజు డెహ్రాడూన్ విమానం. విమానాశ్రయం జాలీగ్రాంట్‌లో ఉంది, రిషికేశ్‌కు దాదాపు 20 కిలోమీటర్లే. రైలు రోజులు దీనికి అదనం.

నల్లమల
ఈ వరసతో నాకు పేచీ ఉంది. బదరీ ముందు, కేదార్ తర్వాత పెట్టుకోవడం మేలు. బదరీ సుమారు 3,100 మీటర్లు, గుడి దగ్గరి దాకా బండి వెళ్తుంది. అక్కడ ఒక రాత్రి, తిరుగుదారిలో 2,700కు దగ్గరగా ఉండే చోప్తాలో ఇంకో రాత్రి గడిపితే, కేదార్ ఎక్కేసరికి ఒళ్లు ఎత్తుకు కొంత అలవాటుపడి ఉంటుంది. కష్టమైనదాన్ని మొదట పెట్టి, తేలికైనదాన్ని ఆఖరికి ఉంచడం వైద్యం ప్రకారం తలకిందుల లెక్క.

కొండదారి
శరీరం మాటే అయితే మీరన్నది నిజం. కానీ కేదారుణ్ని చూశాకే బదరీ దర్శనమని పట్టుదల ఉన్న కుటుంబాలు చాలా ఉంటాయి. ఆ వరస ముఖ్యమనుకుంటే మూడో రోజు రాత్రి చోప్తాలో పడుకుని, నాలుగో రోజు సోన్‌ప్రయాగ్ దిగి అక్కడ నిద్రచేసి, ఐదో రోజు ఎక్కొచ్చు. ఒక రోజు పెరుగుతుంది. పెరగనివ్వండి.

పైబెర్తు వద్దు
రైలు దగ్గర చాలామంది తప్పు చేస్తారు కాబట్టి కాస్త వివరంగా.

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉదయం బయల్దేరి మర్నాడు ఉదయం న్యూఢిల్లీ చేరుతుంది. ఢిల్లీ నుంచి పొద్దుటి బండి పట్టుకునేలా టికెట్ చేయకండి, మూడు గంటలు ఆలస్యమైతే చేతికి ఏదీ రాదు. సాయంత్రం ఆనంద్ విహార్ నుంచి డెహ్రాడూన్ వెళ్లే వందే భారత్‌లో హరిద్వార్‌కు చేసుకోండి. న్యూఢిల్లీ స్టేషన్ వేరు, ఆనంద్ విహార్ వేరు, మధ్యలో ఊరు దాటాలి. ఆ రాత్రి హరిద్వార్‌లోనే పడుకుని పొద్దున రిషికేశ్ వెళ్లండి.

రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, మునుపటి 120 కాదు. ఉదయం 8 గంటలకు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆగింది. ఆ లెక్కతో డబ్బు అంచనా వేసుకోకండి.

రాయితీ పోయినా లోయర్ బెర్త్ కోటా ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండాలి. ఒక టికెట్ మీద ఒకరు గానీ ఇద్దరు గానీ ఉంటేనే ఆ కోటా పలుకుతుంది. నలుగురినీ ఒకే టికెట్ మీద వేస్తే కోటా లేదు. ఇద్దరిలో ఒకరికి వయసు చాలకపోయినా లేదు. కాబట్టి 63, 58 ఒక టికెట్. రెండో జంటలో ఆయనకు 57 కాబట్టి 52 ఏళ్లావిడకు విడిగా కోటాలో ఒక టికెట్, ఆయనకు జనరల్ కోటాలో ఒక రిజర్వేషన్ టికెట్. బోగీలు వేరైనా సర్దుకోవచ్చు. ఆయనకు ‘కనీసం ఒక లోయర్ బెర్త్ దొరికితేనే బుక్ చేయి’ అనే గడి టిక్ చేస్తే పైబెర్తు అంటగట్టే ప్రమాదం ఉండదు, కానీ టికెట్ అసలు దొరక్కపోయే అవకాశమూ ఉంది.

మంజీరా
ఈ కోటా సంగతి ఇన్నాళ్లూ తెలియదు. ధన్యవాదాలు. హెలికాప్టర్ మాటేమిటి? మోకాళ్ల నొప్పుల ఆవిడకు అదే మేలని అందరూ అంటున్నారు.

నల్లమల
మేలే, కొన్ని షరతులతో. గుప్తకాశి, ఫాటా, సెర్సీల నుంచి ఎగురుతాయి. టికెట్లు ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్ర సైట్‌లో మాత్రమే. వాట్సాప్‌లో, సెర్చ్‌లో కనిపించే మిగతా ‘బుకింగ్’ సైట్లలో మోసాలు విపరీతం, ఒక్క రూపాయి కూడా పంపకండి. ముందు యాత్ర రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, ఆ నంబరు లేకపోతే హెలికాప్టర్ టికెట్ కాదు. రిజిస్ట్రేషన్ ఉత్తరాఖండ్ ప్రభుత్వ సైట్‌లో ఉచితం. టికెట్లు విడతలుగా వదులుతారు, నిమిషాల్లో అయిపోతాయి. పేర్లు, వయసులు, గుర్తింపు కార్డు నంబర్లు ముందే ఒక కాగితం మీద రాసుకుని కూర్చోండి.

ఇక అసలు విషయం. హెలికాప్టర్ కొన్ని నిమిషాల్లో దాదాపు రెండు వేల మీటర్లు పైకి తీసుకెళ్లి దింపుతుంది. దిగిన వెంటనే ఏమీ తెలియదు. ఎత్తు జబ్బు సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలకు మొదలవుతుంది. పొద్దున ఎగిరి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నంలోపు దిగేవాళ్లకు ఫరవాలేదు. అక్కడ రాత్రి ఉండిపోయేవాళ్లకే చిక్కు.

ఆ ఉండిపోవడం మన చేతుల్లో ఉండదు. మబ్బు కమ్మితే తిరుగు హెలికాప్టర్ రద్దు. 2025 జూన్‌లో గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి ఏడుగురు చనిపోయారు, తర్వాత కొన్నాళ్లు సేవలే ఆపేశారు. వాతావరణం బాగాలేదని ఎగరకపోతే గొడవ పెట్టుకోకండి. పెద్ద సంచి ఎక్కనివ్వరు కాబట్టి చాలామంది చేతులూపుకుంటూ వెళ్తారు. అది తప్పు. ఉన్న ఆ చిన్న సంచిలోనే ఒక రాత్రికి సరిపడా మందులు, టోపీ, చేతి తొడుగులు, పల్చటి డౌన్ జాకెట్, టార్చి ఉండాలి.

గోదావరి గట్టు
గుర్రం ఎక్కుదామనుకునేవాళ్లకు: నడుం డిస్కు, ఎముకల బలహీనత, మొలలు ఉన్నవాళ్లు వద్దు. దిగేటప్పుడు ప్రతి అడుగుకీ వెన్నుకు దెబ్బ తగులుతుంది. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి వంగాలి, పాదం ముందు భాగం మాత్రమే రికాబులో ఉంచాలి. పాదం పూర్తిగా దూరిస్తే పడ్డప్పుడు ఇరుక్కుంటుంది. గుర్రం గుడి దాకా రాదు, చివర కిలోమీటరుకు పైగా నడవాల్సిందే. మోకాళ్ల ఆవిడకు నలుగురు మోసే డోలీ నయం. ప్రభుత్వ ప్రీపెయిడ్ కౌంటర్‌లోనే రసీదు తీసుకుని, మోసేవాళ్ల కార్డు ఫోటో తీసుకోండి.

నడిచేవాళ్లకు గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లు. 2013 వరదలో రామ్‌బాడా కొట్టుకుపోయాక దారి మందాకిని దాటి అవతలి గట్టుకు మారింది. అక్కణ్నుంచి లించోలీ దాకా నిటారు. జనం మొదటి ఏడు కిలోమీటర్లు ఉత్సాహంగా లాగించి అక్కడ చతికిలబడతారు. రామ్‌బాడాకు పదకొండులోపు చేరకపోతే ఆ రోజే కేదార్ చేరాలనే ఆలోచన మానుకుని లించోలీలో ఆగండి.

తెల్లకోటు
మందుల గురించి. ఇక్కడ రాసింది మీ డాక్టరును అడగడానికి, ఆయన బదులు కాదు.

ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఎత్తుకు అలవాటుపడటాన్ని తొందర చేస్తుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. మూత్రం ఎక్కువవుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, బీపీకి ఇప్పటికే నీరు తీసే మాత్ర వాడేవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.

బీపీ ఆయనకు: బస్సులో పదేపదే ఆపమనడం మొహమాటమై చాలామంది నీరు తీసే మాత్ర మానేస్తారు, లేదా నీళ్లు తాగడం మానేస్తారు. రెండూ ప్రమాదం. సొంత బండి ఉంటే రెండు గంటలకోసారి ఆపమని డ్రైవరుకు మొదటి రోజే చెప్పండి. ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. నీళ్లు మానితే మూత్రంలో మంట, జ్వరం పైన కొండమీద పట్టుకుంటాయి.

ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు, కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా సరే. కేదార్‌లో రాత్రిపూట పెన్ను చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, రగ్గుల కింద పడుకోవాలి. విమానంలో లగేజీలో వేయకండి, చేతి సంచిలోనే. గ్లూకోమీటర్ చలికి తప్పు చూపిస్తుంది లేదా అసలు పనిచేయదు, పది నిమిషాలు అరచేతుల్లో వెచ్చబరిచి వాడండి. నడిచే రోజు షుగరు పడిపోతుంది. ఆ రోజు డోసు ఎంతో ముందే అడిగి రాయించుకోండి. గ్లూకోజ్ బిళ్లలు లేదా బెల్లం ముక్కలు జేబులోనే.

ఆక్సీమీటర్ చూసి బెంబేలెత్తకండి. 3,500 మీటర్ల దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ 85 నుంచి 90 చూపించడం మామూలే, చల్లబడ్డ వేలికి ఇంకా తక్కువ చూపిస్తుంది. అంకె కంటే మనిషిని చూడండి. తలనొప్పి, వికారం, తిండి సహించకపోవడం ఉంటే ఇంకా పైకి వెళ్లొద్దు. కూర్చున్నా ఆయాసం, తడి దగ్గు, లేదా నేలమీద ఒక గీత వెంట మడమకు వేళ్లు ఆనించి నడవమంటే తూలడం కనిపిస్తే రాత్రయినా సరే కిందికి దించాల్సిందే. దుకాణాల్లో అమ్మే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలకే అయిపోతుంది. దాన్ని నమ్ముకుని పైన ఉండిపోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

స్టెంటు వేయించుకున్నవాళ్లు గుండె డాక్టరు కాగితం లేకుండా బయల్దేరొద్దు.

మంజీరా
బదరీలో బ్రహ్మకపాలం దగ్గర పిండప్రదానం పని కూడా ఉంది. అందుకు ఎంత సమయం పెట్టుకోవాలి?

గోదావరి గట్టు
పొద్దున మూడు నాలుగు గంటలు. మహాలయ పక్షం వస్తుందేమో పంచాంగం చూసుకోండి, ఆ రోజుల్లో రద్దీ రెట్టింపు. తప్తకుండంలో నీళ్లు బాగా వేడి. బయట గడ్డకట్టే చలిలోంచి ఒక్కసారిగా దిగితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు చెంబుతో పాదాలకు, మోకాళ్లకు పోసుకుని, రెండు మూడు నిమిషాలే ఉండి, బయటికి రాగానే ఒళ్లు తుడుచుకోవాలి. రాళ్లు జారతాయి, ఒకరు చెయ్యి పట్టుకోవాలి.

నల్లమల
సాధన ఇప్పుడే మొదలుపెట్టండి. పన్నెండు వారాలుంటే మంచిది. తిరుపతి దగ్గరుంటే అలిపిరి మెట్లను మించిన పరీక్ష లేదు: 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. అయితే తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదు, కాబట్టి అది కాళ్లకు పరీక్షే, ఊపిరితిత్తులకు కాదు. ఎక్కడమే కాదు, దిగడమూ చేయండి. కేదార్‌లో మోకాళ్లు పోయేది దిగేటప్పుడే. బూట్లు అర సైజు పెద్దవి, కనీసం నెల వాడినవి. కొత్త బూట్లతో దిగితే బొటనవేలి గోరు నల్లబడుతుంది. రెండు చేతికర్రలూ వాడాలి, ఒకటి కాదు.

మంజీరా
మాట్లాడుకున్నాం. నాలుగు ధామాల టూర్ మానేశాం. రైలు రోజులు కాక 12 రోజులు, మూడో రాత్రి చోప్తాలో, కేదార్ తర్వాత ఒక ఖాళీ రోజు. ఆవిడకు డోలీ, బీపీ ఆయనకు గుర్రం, మిగతా ఇద్దరూ నడక. మందులన్నీ ఒకే పెట్టెలో సర్ది ఒక్కరి దగ్గరే ఉంచుతాం.

తెల్లకోటు
ఆ చివరి ఒక్కటి మార్చండి. డోలీ, గుర్రం, నడక మూడూ మూడు వేగాలు. గౌరీకుండ్ దాటిన అరగంటకే నలుగురూ విడిపోతారు, మళ్లీ కలిసేసరికి చీకటి పడుతుంది. దారంతా ఫోను పలకదు. రెండు రోజుల మందులు, గుర్తింపు కార్డు, రిజిస్ట్రేషన్ కాగితం ప్రింటు, రెండు వేల రూపాయల చిల్లర నోట్లు ఎవరివి వాళ్ల ఒంటిమీదే ఉండాలి.

గోదావరి గట్టు
దాంతోపాటు ఒక చీటీ. కేదార్‌లో మీరు దిగే బస పేరు, ఒకరికొకరి ఫోను నంబర్లు, ఎవరికి ఏ జబ్బు, ఏ మందు. తెలుగులోనే కాక హిందీలోనూ రాయండి, చదవాల్సింది అక్కడివాళ్లు కదా. ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో వేసి పిన్నీసు పెట్టండి, వానకు తడిస్తే ఇంకు పోతుంది.

మంజీరా
హిందీలో రాయించి నాలుగు చీటీలూ ఈ వారమే సిద్ధం చేస్తాను.